గురువారానికి ముందు

పెరంబూరులో, లోకో వర్క్స్ గోడకి ఎదురుగా
పదడుగుల కొట్టు నాది.
జెరాక్స్, డీటీపీ, పాస్‌పోర్ట్ ఫోటో.
తమిళం, తెలుగు, ఇంగ్లీషు టైపు చేస్తాను,
అడిగితే కన్నడం కూడా, అక్షరం పోల్చుకుంటూ.

రాత్రి షట్టరు సగం దించాక
కుర్చీ మా చెల్లెలి కొడుకుది.
దినకర్‌కి పదకొండేళ్లు. వాడికో వంకాయతోట ఉంది,
తెరమీద.
విత్తుతాడు, తడుపుతాడు, కాకిని తోలుతాడు.
దీపావళి సెలవుల్లో ఎవడో తోటివాడు
పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన ఆట.
దుడ్డు లేదు, నెట్టు అక్కర్లేదు అన్నాడు.
సరేలే, తోటే కదా అన్నాను.

గురువారం తొమ్మిదీ నలభైకి
తెర మూల నుంచి ఎర్రపెట్టె లేచింది:
ఈ ప్రోగ్రాం బయటికి పోవాలంటోంది.
పోనివ్వాలా? ఆపాలా?

వంకాయలకి బయటేం పని?

ఆపు నొక్కాను.
మళ్లీ లేచింది. మళ్లీ ఆపు.
కాకిని తోలినప్పుడల్లా ఒకటి,
నీళ్లు పెట్టినప్పుడల్లా ఒకటి.
ప్రతిసారీ అదే అంకెల చిరునామా,
నాలుగు ముక్కలు, మధ్య చుక్కలు.
పాడైన జెరాక్స్ కాగితం వెనక రాసుకున్నాను.
పద్నాలుగోసారికి చూడకుండానే రాయగలిగాను.

రిచీ స్ట్రీట్ మొహిదీన్‌కి ఫోన్ చేస్తే
అవతల బిరియానీ పొట్లం విప్పుతున్న చప్పుడు.
"ఒణ్ణుం ఇల్లక్కా, అలౌ కుడుంగ, నిన్నుడుం."
నిజమే.
తలుపు తీసేస్తే తట్టడం ఆగిపోతుంది.

మా వీధి చివర ఫ్లాట్లకి ఏకాంబరం కాపలా.
పాలవాడినీ పుస్తకంలో పేరు రాయమంటాడు,
సొంత మేనల్లుడినీ రాయమంటాడు.
మంచోడికి సంతకం బరువా అంటాడు.

ఈ పెట్టెలో ఏముందో మొహిదీన్‌కి తెలియదు.
వంకాయతోటకి రెండు ఫోల్డర్ల అవతల
అంజలై పింఛను కాగితం, వేలిముద్రతో సహా.
ఎవరెవరివో అద్దె ఒప్పందాలు, ఆధార్లు.
మూడో వీధి అమ్మాయి విడాకుల అర్జీ.
"చదవకుండా టైపు చెయ్యక్కా" అంది,
అలాగే చేశాను, చేతనైనంతమట్టుకు.
నీలం తెర ముందు నవ్వు ఆపుకున్న కుర్రాళ్లు
మూడు వందల పైచిలుకు.
తుడిచేద్దామనుకుంటూనే ఉంచేశాను,
మళ్లీ కాపీ అడుగుతారని.

లేచి గోడలోంచి వైరు పీకాను.
పచ్చదీపం ఆరింది.

"పెద్దమ్మా, తోట పోయిందా?"
ఇద్దరం చూశాం. పోలేదు.
వైరు లేకపోయినా మొక్క పెరుగుతోంది, కాకి వస్తోంది.
మరి ఇన్నాళ్లూ ఎవరితో మాట్లాడాలనుకుంది?

వాడికి అర్థమైంది. పిల్లలకి ముందే అర్థమవుతుంది,
ఒప్పుకోవడమే ఆలస్యం.
"కోతకింక పావుగంటే" అన్నాడు, నావైపు చూడకుండా.

వైరు కొస గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను.
ఊదారంగు కాయలు ఒక్కొక్కటీ బుట్టలో పడ్డాయి,
పడినప్పుడల్లా చిన్న గంట.
ముప్పై ఆరు. వాడే లెక్కపెట్టాడు.
తర్వాత వాడి చేతే తీసేయించాను.
మూతి ముడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని
షట్టరు కింద నుంచి దూరి ఇంటికి పోయాడు.

ఒక్కదాన్నే చిట్టా తెరిచాను.
తేదీ, గంట, అంకెలు, ఆపడమైనది.
తేదీ, గంట, అంకెలు, ఆపడమైనది.
పైకి జరిపాను, ఇంకా పైకి.
మొదటి వరుస: గురువారం, తొమ్మిదీ నలభై.
ఆ కాపలాని నేను పెట్టింది
ఆ సాయంత్రం ఆరుకి.

దీపావళికీ గురువారానికీ మధ్య
ఎవరు పోయారో, ఏం పట్టుకుపోయారో
రాసిన పుస్తకం లేదు.

పొద్దున షట్టరు పూర్తిగా ఎత్తకముందే
అంజలై వచ్చి నిలబడింది,
పింఛను కాగితం ఇంకో కాపీ కావాలని.
రెండు రూపాయలు బల్లమీద పెట్టింది.

ఆ బిళ్ల తీసుకోలేదు.
ఎదురుకొట్టు కుర్రాడికి రెండు టీలు చెప్పి
"కూచో అంజలక్కా" అన్నాను,
"ఒక మాట చెప్పాలి."