మూడో వరస

ఉప్పు యాడ దొరుకుద్దని
బజార్లో ఎవరన్నా అడిగితే
నోటికంటే ముందు నా చెయ్యి లేస్తుంది:
మూడో వరస, కింది అర, కుడి పక్క.
ఆ వరస పోయి తొమ్మిదేళ్ళు.

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఆ బిల్డింగుకి
నేను చేరినప్పుడు ఒక దేవుడి పేరు,
తర్వాత ఓనరు కూతురి పేరు,
ఆ తర్వాత హైదరాబాదు కంపెనీది,
పలకబోతే నాలుక మడతపడేది.
ఇప్పుడు తెల్ల ఫ్లెక్సు ఒకటి కట్టారు: త్వరలో.
ఏం త్వరలోనో రాయలేదు.

ఆకుపచ్చ చీర, నీలం చుడీదారు, నల్ల టీషర్టు.
మూడు బ్యాడ్జీలు.
ఒకదాని మీద సలోమి, ఒకదాని మీద సలోమీ,
కంపెనీ వాళ్ళు మటుకు సలోని అని కొట్టించారు.
దిద్దమంటే, నవంబరులో కొత్తవి వస్తాయిలే అన్నారు.
ఎన్ని నవంబర్లో!
సలోనిగానే చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

మొదటిసారి మార్చినప్పుడు
రాత్రికి రాత్రి కందిపప్పుని వెనక్కి నెట్టారు,
చాక్లెట్లని పిల్లల కళ్ళ ఎత్తుకి దించారు.
"మనిషి వెతుక్కోవాలక్కా, వెతికితేనే కొంటాడు"
అన్నాడు నెల్లూరు నుంచొచ్చిన కుర్రాడు.
డ్రాయింగు మాస్టారు కోదండపాణి
కళ్ళజోడు లేకుండానే వచ్చేవాడు,
అడుగులు లెక్కపెట్టుకుని శనగపిండి దగ్గర ఆగేవాడు.
ఆ పొద్దు కూడా పద్దెనిమిది అడుగులేసి
చెయ్యి చాపి ఫినాయిలు సీసా తీసుకున్నాడు.
బిల్లు దగ్గర నేను చూశాను కాబట్టి సరిపోయింది.
"నా ఇంటిని ఎవరో నాకు చెప్పకుండా సర్దినట్టుందే"
అని నవ్వాడు గానీ
మళ్ళీ చాన్నాళ్ళు రాలేదు.

రెండోసారి నేల పగలగొట్టారు.
తెల్ల టైల్సు కింద పాత గచ్చు,
గచ్చు మీద పసుప్పచ్చ గీతలు, అంకెలు.
పది. పదకొండు. పన్నెండు.
"ఇదేంది మేడం?" అన్నాడు మేస్త్రీ.
తెలియదన్నాను.

ఇది పొగాకు గోడౌనుగా ఉన్నప్పుడు
మా అమ్మ మార్తమ్మ పన్నెండో గీత మీద కూచుని
ఆకు రంగు చూసి వేరు చేసేది.
ఇంటికొచ్చాక ఎంత తోమినా
ఆమె వేళ్ళు సబ్బుకి లొంగేవి కావు,
నాకు కలిపి పెట్టిన ముద్దలో ఆ చేదు ఉండేది.
ఏసీ ఆగిన మధ్యాహ్నాలు
సెంటు సీసాల కౌంటరు దగ్గర కూడా
నాకా ఘాటే తగిలేది.
పక్క పిల్లని అడిగాను, నీకేమన్నా వాసనొస్తుందా అని.
మల్లెపూలక్కా, అంది.

సాయంత్రానికి పన్నెండు మీద సిమెంటు పోశారు.

మూతపడటం ఒక్కరోజులో జరగదు.
ముందు పాలపాకెట్లు తగ్గుతాయి.
తొమ్మిది షాంపూలు నాలుగవుతాయి.
"ఉన్నవి ముందుకి లాగు, ఖాళీ కనపడకూడదు"
అంటాడు మేనేజరు.
వెనకంతా గాలి, ముందు ఒక్క వరస బిస్కెట్లు,
బోసినోటికి ముందు రెండు పళ్ళు కట్టించినట్టు.
అప్పుడు సగం ధర.
అప్పుడు ఏది తీసుకున్నా ముప్పై.
ఏనాడూ లోపలికి రాని జనం ఆ వారం వచ్చారు,
ఫ్రిజ్జు తలుపులు తీసి, చల్లగా లేదని వేశారు.

ఆఖరి రోజు మిగిలినవి నాకు గుర్తు:
బూటు పాలిషు, ఎలుకల బోను ఒకటి,
కేకు మీద గుచ్చే కొవ్వొత్తులు, అన్నీ ఏడో అంకెవే.
ఊళ్ళో ఏ బిడ్డకీ ఏడేళ్ళు నిండనట్టు.

ర్యాకుల్ని కాటా వేసి కొన్నాడు పాత ఇనుము మస్తాన్‌వలి.
నా కౌంటరు నలభై రెండు కిలోలు తూగింది.
దాని సొరుగులో చిక్కుకున్న రూపాయి బిళ్ళని
స్క్రూడ్రైవరుతో తీసి నా చేతిలో పెట్టాడు,
"నీదే అయ్యుంటదిలే అమ్మా" అని.

నిన్న ఫోనొచ్చింది, ఆ త్వరలో వాళ్ళు.
అనుభవం ఎన్నేళ్ళని అడిగారు.
ఏ పేరు కింద ఎన్నేళ్ళో
వేళ్ళ మీద కలుపుకుంటుండగా
ముందు మీ పేరు చెప్పండి అన్నారు.
రోడ్డు మీద లారీ పోతోంది. అది దాటేదాకా ఆగాను.

స.
లో.
మి.
రాశారా? చివర మి.