ఆరూ పదికి కల్యాణదుర్గం

ఆరూ పది మాది.
ఆరుంబావు గవర్మెంటుది.
నడుమ అయిదు నిమిషాలు
ఆర్టీవో ఆఫీసులో ఎర్రసిరాతో గీసి ఇచ్చినారు,
అన్నదమ్ముల చేనికి గట్టు వేసినట్టు.

అనంతపురం స్టాండు బయట, నీడ లేని మలుపులో
ఇరవై రెండేండ్లుగా అరుస్తానే ఉన్నా:
ఆత్మకూరు, కల్యాణదుర్గం, కంబదూరు!
నా గొంతుకు పర్మిట్టు లేదు, టాక్సు లేదు,
అందుకే అది ఇంగా నడుస్తాంది.

మా డ్రైవరు ఓబుళపతి
రోంత, ఇంగ రోంత, అని బండిని ముందుకు పాకిస్తాడు.
పోతాండేటట్టు ఉంటాది, పోదు.
ఎక్కినోళ్ళకు ఆశ, ఎక్కనోళ్ళకు బెదురు.
ఆరూ పన్నెండు. ఆరూ పదమూడు.
వెనక ఎర్రబస్సు షేక్షావలి
హారను మీద మోచెయ్యి పెట్టి
తియ్యడు.
నేను వినపడనట్టు శెనక్కాయలు ఒలుస్తాంటా.

ఒకసారి మా మీద అర్జీ పోయింది.
టేబులు అవతల సారు అడిగినాడు,
నాలుగు నిమిషాలు ఎందుకు ఆలస్యం?
ఒక ముసలామె ఉరికి వస్తాండె సార్.
రోజూనా?
రోజూ ఎవరో ఒకరు ఉరికి వస్తానే ఉంటారు సార్ ఈ జిల్లాలో
అనబోయి, అనలేదు.
జుర్మానా కట్టి వచ్చినా.

గీత గీసేదీ వాళ్ళే, ఈల ఊదేదీ వాళ్ళే,
మళ్ళా మా పక్కన నిలబడి ఉరికేదీ వాళ్ళే.
అయినా ఓబుళపతి గెలుస్తాండె.
ఆత్మకూరు దాటేలోగా స్టాపులన్నీ
కళ్ళం ఊడ్చినట్టు ఊడ్చేస్తాండె.

ఆ తర్వాత సున్నా టికెట్టు వచ్చింది.

తిప్పక్క మా బండికి పాత గిరాకీ.
కనకాంబరాల గంపకు సీటు కావాలంటాది,
గంపకు టికెట్టు అంటే కొట్లాటకొస్తాది.
ఆ పొద్దు కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసి
నా మొగం చూడకుండా ఎర్రబస్సు ఎక్కింది.
మొగుడు లింగప్ప మా బండి ఎక్కినాడు,
ముందు పోతాది కదా అని.

కల్యాణదుర్గంలో దిగి
బీడీల అంగడి కాడ నిలబడతాడు లింగప్ప,
వచ్చిన దారి దిక్కే చూస్తా,
టికెట్టు పెట్టి కొనుక్కున్న అయిదు నిమిషాలను
ఏం చేసుకోవాలో తెలియక.

ఈ పొద్దు ఆరూ పది. మా బండిలో తొమ్మిదిమంది.
ఓబుళపతి చెయ్యి గేరు మీదికి పోలేదు.
హారను మోగలేదు.
షేక్షావలే దిగొచ్చినాడు, చొక్కా తడిసిపోయి,
'ఫుట్‌బోర్డు మీద గూడా ఆడోళ్ళే అప్పా,
బండి లేస్తాదో లేదో. రోంత గట్టిగా అరువు,
నీ దిక్కు వస్తారేమో.'

అరిసినా. ఇరవై రెండేండ్లలో మొదటిసారి
గవర్మెంటు చెబితే అరిసినా.
ఒక్కరూ దిగలేదు.

కిటికీలోంచి రెండు చేతులు గంపను బయటికి దించినాయి.
'మనిషిని రాను గానీ, దీన్ని తీసుకపో'
అనింది తిప్పక్క.
దాంతోపాటు మడిచిన పది నోటు.
'దీనికి టికెట్టు కొట్టు.'

ఆరూ పద్నాలుగు.
లింగప్ప జరిగి కూచున్నాడు.
కిటికీ పక్కన కనకాంబరాలు.
రైట్, అన్నా.