రెండో తనఖా

ఫాల్ రివర్‌లో, మిల్లు గోడ నీడ పడే మలుపులో
మూడంతస్తుల ఇటుక భవనం నాది.
కింద ఇదలీనా రొట్టెల బట్టీ,
మధ్యలో పళ్ళ డాక్టరు,
పైన ఎవరూ లేరు, కప్పు కారుతుంది.

ఆరు లక్షలన్నాను.
బేరమాడలేదు. పిండి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని
కాగితం సంచీ మీద లెక్క రాసింది.
పావు వంతు ముందే కట్టమంటోంది బ్యాంకు,
అంటే లక్షన్నర.
పద్దెనిమిదేళ్ళుగా తెల్లవారుజామున మూడింటికి లేచిన లేవడమంతా
కూడితే అరవై వేలు.
సంచీ మడిచి జేబులో పెట్టుకుంది.

నేను కొన్న ఏడు
ముందు కట్టాల్సిన సొమ్ముకి పడవ అమ్మేశాను.
తొమ్మిది రోజులు మాట్లాడలేదు సెలెస్ట్.
పదో రోజు చేపల పులుసు పెట్టి
"ఇదే ఆఖరు, ఇకమీదట కొనుక్కు తినాలి" అంది.

తక్కువైన తొంభై వేలూ నేనే అప్పిస్తానన్నాను.
విచిత్రం చూడండి,
నా చేతికింకా రాని డబ్బుని
నేనే ఆమెకి అప్పిచ్చాను.

లాయరు కళ్ళజోడు తీశాడు.
"బ్యాంకుది మొదటి తనఖా, మీది రెండోది.
ఆమె మునిగితే
బ్యాంకు తిని లేచాక విస్తట్లో మిగిలిందే మీకు.
ఇంకోటి. మొదటి రెండేళ్ళూ
మీకు పైసా కట్టకూడదని బ్యాంకు షరతు."

"రెండేళ్ళా?"
నాకు ఎనభై ఒకటి. గుండెలో రెండు స్టెంట్లు.
లాయరు కలం మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.
ఇదలీనా నా వైపు చూడలేదు,
కిటికీలోంచి పార్కింగ్ మీటరు చూస్తోంది.

సరే, బతకాలి కాబోలు అనుకుని
సంతకం పెట్టాను.
ఓవిలా డెరోజియే, పదకొండు చోట్ల.

మర్నాడు తీపి రొట్టె తెచ్చిచ్చింది, ఇంకా వేడిగా ఉంది.
"ఇది వడ్డీ కాదు" అంది గట్టిగా,
బ్యాంకువాడు గుమ్మం వెనకే పొంచి ఉన్నట్టు.

నిన్న రాత్రి జోరువాన.
అలవాటు కొద్దీ లేచి బూట్లు వేసుకున్నాను,
బకెట్టు అందుకున్నాక గుర్తొచ్చింది,
ఆ కప్పు నాది కాదు.
మెట్ల మీద కూర్చుని లెక్కేశాను.
ఆరు లక్షల్లో తొంభై వేలు:
ఏ మూల కారితే అది నాదవుతుంది?

ఫోను చేశాను. మూడు దాటింది, లేచే ఉంటుంది.
"బకెట్టు పెట్టాన్లే ఓవిలా, పడుకో" అంది.
వెనక రొట్టెల పళ్ళేలు గలగలమంటున్నాయి.
బూట్లతోనే పడుకున్నాను.