ట్రామాయన

పొద్దుగాల ఆరు నలభైకి
చిలకలగూడ స్టాపుల నిలబడేటోడు.
తెల్లమీసం, నీలం టోపీ,
పిడికిట్ల డే పాసుకు లెక్కవెట్టిన చిల్లర.

తొవ్వ తప్పిండనుకున్న మొదటినాడు.
"చార్మినారా? గోల్కొండా?" అంటే
తల అడ్డంగ ఊపి
వేలుతోని చూపెట్టిండు
రోడ్డు ఎటువోతే అటు.

ముంగట ఆడోళ్ల సీట్లు, ఎనకకు పో సారూ అంటే పోయిండు.
ముషీరాబాద్ దాటేటాల్లకు ఒక అడుగు,
నారాయణగూడ కాడ ఇంకొకటి,
కోఠీల చూస్తే ఇంజన్ డబ్బా మీద కూసోని ఉన్నడు,
బాలమల్లేశన్న పక్కన.
ఆయన చూసేది ఊరును కాదు,
క్లచ్చు మీది కాలును.
గేరు వడ్డప్పుడల్లా
ఆయన ఎడమచెయ్యి తొడమీద
కండ్లకు కనవడని ఓ పిడిని తిప్పేది.

మూడోనాడు ఫోన్ల ఓ ఫొటో చూపిచ్చిండు.
రెండిండ్ల నడుమ ఇరుకు ఎత్తు,
పసుపుపచ్చ ట్రాము,
అద్దం ఎనక నల్లమీసం. ఈయనే.
లిస్బన్ అన్నడు. ముప్పై ఒక్క ఏండ్లని వేళ్లు మడిచిండు.
పేరు అదెలీనో.
మల్లేశన్న ఫొటో చూసిండు, మనిషిని చూసిండు,
"మనోడే" అని బండి కదిలిచ్చిండు.

గంతే. ఇగ ఆయన బ్యారం మాకు ఎరుకే.
పూల సక్కుబాయి గంప ఎక్కితే
తన కాళ్లు మడిచి జాగ ఇడిసేటోడు.
నిలబడే నిద్రవోయే నర్సింగు పోరి బ్యాగును
అడగకుండనే ఒళ్లె వెట్టుకునేటోడు.
కింద వడ్డ సున్నా టికెట్టు ఒకటి ఏరి
పైసలు లేవా అని కనుబొమ్మలతోని అడిగిండు.
ఆడోళ్లకు లేవన్న.
చానసేపు నవ్వి, మడిచి పర్సుల దాసుకున్నడు.

అఫ్జల్‌గంజ్ల డబ్బా ఇప్పితే
జొన్నరొట్టె తుంచిండు గని
పచ్చిపులుసును గ్లాసుల పోసుకోని తాగిండు, చాయి లెక్క.
మేం చెప్పలే. ఎందుకు చెప్తం?
తెల్లారి మల్లేశన్న సుత గట్లనే తాగిండు.

ఒకనాటి వాన. వైపరు పడావువడ్డది.
మల్లేశన్న తిట్టుకుంట తల బయటవెట్టి నడుపుతుండు.
గీయన లేచి, ఎవరిదో కూరగాయల సంచిలకెల్లి
ఒక ఆలుగడ్డ తీసి, పండ్లతోని కొరికి,
వానల దిగి అద్దమంత రుద్దిండు.
నీళ్లు జారిపోయినయి.
"మా గురువు సుత గిట్లనే జేసేటోడు" అన్నడు మల్లేశన్న
శానా మెల్లగ.
సంచి ఆమె మాత్రం
ఆలుగడ్డ పైసలు వసూలు జేసినంకనే దిగింది.

పండుగ ముంగట ఒక సాయంత్రం
ఫుట్‌బోర్డు మీద మంది, నా గొంతు పోయింది.
ముంగటికెల్లి ఇనవడ్డది:
"జెరుగుర్రీ! లోపటికి జెరుగుర్రీ!"
బస్సంత ఒక్క గడియ సప్పుడు లేదు.
తొమ్మిదేండ్లు నేను మొత్తుకున్నా కదలనోళ్లు
నవ్వుకుంట జరిగిన్రు.

పదహారోనాడు స్టాపుల లేడు.
పోతా అని చెప్పలే, చెప్పినా మాకు తెలువకపోవచ్చు.
మల్లేశన్న అర నిమిషం ఎక్కువ ఆపిండు.
ఎనక బండోడు హారన్ మీద చెయ్యి తియ్యలే.
ఇంజన్ డబ్బా మీద సక్కుబాయి గంప
ఎప్పటి లెక్కనే ఒక మూలకు ఉన్నది,
సగం జాగ ఇడిసి.

మొన్న నా ఆఫ్.
బట్టలు నానవెట్టి, యూనిఫాం లేకుండ,
నంబరు సుత సక్కగ చూడని ఓ బండెక్కిన.
కిటికీ దొరికింది.
గోడలు, రేకుల షెడ్లు, ఓ పావురాల గూడు,
దువ్వెన నోట్లె వెట్టుకోని జడ అల్లే తల్లి.
గీ ఊర్ల గింత ఊరున్నదా?
కండక్టర్ పోరి వచ్చి "ఏడికక్కా?" అన్నది.
సుట్టాలింటికి కాదు, దవాఖానకు కాదు,
ఇంకేం చెప్పాలె?
వేలుతోని చూపెట్టిన.

పిచ్చిదాన్ని చూసినట్టు చూసి
సున్నా కొట్టి ఇచ్చింది.