రెండో గేరు

ముందు బండి ఖాళీ చెయ్యమన్నాడు కడలి భూషణం.
స్టెప్నీ, జాకీ, గొడుగు,
చెరువు నీళ్ళ శాంపిలు సీసాలు ఇరవై నాలుగు,
సీటు కింద ఎప్పటివో జంతికల ముక్కలు,
అద్దానికి వేలాడే నిమ్మకాయ కూడా.
"దిష్టి సంగతి సాయంత్రం చూసుకుందురుగాని.
ఊగేదేదీ లోపల ఉండకూడదండి."

మండపేట అవతల మూతపడ్డ రైసు మిల్లు.
వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం
ఆదివారం ఆరింటికి ఇంకా మంచుతడి.
కోన్లు పద్దెనిమిదే ఉన్నాయి,
చాలనిచోట రొయ్యల మేత బకెట్లు బోర్లించారు.
పదకొండు కార్లు. ఒక్కటీ కొత్తది కాదు.
నాది తొమ్మిదేళ్ళ ఆల్టో,
ఎడమ తలుపు అంచున ఇంకా కాలవ మట్టి.

ఆ మట్టి సంగతి చెప్పాలి.
పోయిన శ్రావణంలో, లాకులు దాటాక మలుపులో
బ్రేకు తొక్కడం, స్టీరింగు తిప్పడం ఒకేసారి చేశాను.
బండి నా మాట వినడం మానేసింది.
గట్టు జారింది. తూటికాడ పట్టుకుంది.
నీళ్ళు మోకాలిదాకా వచ్చి ఆగాయి.
లాగిన ట్రాక్టరు కుర్రాడు "ఆడవాళ్ళ డ్రై..." అనబోయి
నా మొహం చూసి "వాన అండి" అన్నాడు.
వాన కాదు.
జారేటప్పుడు ఏం చెయ్యాలో
ఇరవయ్యేళ్ళ లైసెన్సులో ఎవరూ చెప్పలేదు.

అందుకే వచ్చాను, గెలవడానికి కాదు.
పది గంటలకల్లా ఆ మాట అబద్ధమైపోయింది.

మొదట నడిపించింది కార్లని కాదు, మమ్మల్ని.
"మూడుసార్లు తిరగండి.
ఒకసారికి కోన్లు కనపడతాయి,
రెండోసారికి దారి కనపడుద్ది,
మూడోసారికి కళ్ళు మూసుకున్నా ఉంటది."
గోడవైపు మలుపులో వంగి
బీటల్లోంచి పాత వడ్లు వేలితో తీసి చూపించాడు:
ఇక్కడ జారుద్ది.
మిల్లు ఆగి ఆరేళ్ళయినా
ధాన్యం ఇంకా పని చేస్తోంది.

హెల్మెట్టు అద్దెది.
లోపల ఎవరిదో కొబ్బరినూనె వాసన.

మొదటి పరుగు:
బకెట్టుని గుద్దకూడదనుకుంటూ బకెట్టునే చూశాను,
తిన్నగా వెళ్ళి దాన్నే గుద్దాను.
ఆ తర్వాత దారి తప్పాను. టైము రాయలేదు.
"మూడో గేరెందుకేశారండీ?"
"భయమేసి."
"భయమేస్తే కాలు తీస్తారు గానీ గేరేస్తారా ఎవరైనా!"
అందరూ నవ్వారు. నేనూ.
"రెండోదే చాలు మీకు. ఆయ్. రెండోదాంట్లోనే ఉంది అంతా."

టైర్ల భుజాల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు,
ముగ్గేసే చెయ్యిలా ఎత్తకుండా.
మలుపులో టైరు ఎంతవరకు ఒరిగిందో
అరిగిన గీత చెప్పుద్దట.
ఇన్నేళ్ళూ బండికి నోరు లేదనుకున్నాను.

రాఘవులు గారు, సొసైటీ బ్యాంకులో గుమాస్తా,
ముసలి జెన్‌లో నలభయ్యారు సెకన్లకి తిరిగొచ్చారు.
టైరు అరవలేదు. దుమ్ము లేవలేదు.
దిగి, కళ్ళజోడు తుడుచుకుని, ఇడ్లీ తిన్నారు.
అంతకుముందే ఒక కుర్రాడు
అంత పొగ, అంత కేక,
యాభై రెండు.

నా మూడో పరుగు యాభైన్నర, రెండు కోన్లు.
కోనుకి రెండు సెకన్లు జరిమానా.
ఇంట్లో లెక్క కుదరనప్పుడు మా అత్తగారు నిలబడినట్టు
కాసేపు ఆ కాగితం దగ్గర నిలబడ్డాను.

నాలుగోసారి
తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కేసి వదిలాను.
వదిలాకే తిప్పాను.
వడ్ల మలుపులో ముక్కు తిరగనంది,
చెయ్యి బిగుసుకోబోయింది,
కళ్ళు మాత్రం బకెట్టుని వదిలి
దాని అవతలి కోను మీదికి వెళ్ళాయి.
కారు వాటి వెనకాల వచ్చింది,
అలిగినవాళ్ళు అన్నానికొచ్చినట్టు, ఆలస్యంగా.
యాభై మూడు. ఒక్క కోనూ పడలేదు.
పదకొండు మందిలో తొమ్మిదోదాన్ని.

సీసాలన్నీ మళ్ళీ సర్దుకున్నాను.
నిమ్మకాయ కనపడలేదు.
కాలవ గట్టున ఇంటికి, ముప్ఫై దాటకుండా.
లాకుల మలుపులో నీళ్ళు ఎడమపక్క మెరిశాయి,
నేను వాటికేసి చూడలేదు.

సోమవారం చెరువు దగ్గర పిహెచ్ చూస్తుంటే
రైతు టైరు దగ్గర చతికిలబడి అడిగాడు:
"ఈ సుద్దగీతలేంటమ్మా, పంచరా?"
కాదు, అన్నాను. ఎంతవరకు వాలొచ్చో గుర్తు.
ఆయన గీత మీద బొటనవేలు పెట్టి చూశాడు.
"ఇంకా చాలా ఉందే" అన్నాడు.