మలుగు చేపల పుస్తకం

ఆ ఇత్తడి గంట ఒక పాత చేపల పడవది.
కురెస్సారె రేవులో తుక్కు అమ్మేవాడి దగ్గర కొని
గ్రంథాలయం బల్ల మీద పెట్టింది నేనే.
పుస్తకం పూర్తిచేసిన పిల్లలు ఒకసారి మోగించాలి,
నేనొక పిప్పరమెంటు ఇవ్వాలి.
అదీ ఒప్పందం. అదీ నా తెలివి.

మధ్యాహ్నం మూడింటికే దీపాలు వెలిగే ఆ దీవిలో
ఆ చలికాలమంతా గంట మోగని పూట లేదు.
పట్టణ సభకు నివేదిక రాశాను,
అంకెల కింద రెండేసి గీతలు గీసి.
గీశాక ఎందుకో వెనక్కి తిరిగి అలమర్లు చూశాను.
సన్నటి పుస్తకాలు నలిగి, వీపులు ఊడి,
లావు పుస్తకాలు బడిలో కొత్తగా చేరిన పిల్లల్లా
గోడవారగా నిలబడి.
లేలో అనే పిల్ల పుస్తకం తీయగానే చూసేది
పేరు కాదు, బొమ్మ కాదు,
చేపను బేరమాడేవాళ్లు మొప్ప ఎత్తి చూసినట్టు
బొటనవేలితో మందం.

తావెత్ మాత్రం గంట జోలికి రాలేదు.
తొమ్మిదేళ్లవాడు. చేతులు ఎప్పుడూ
పొగబెట్టిన చేపల వాసన.
మలుగు చేపల మీద ఒకటే పుస్తకం
పదకొండుసార్లు తీసుకెళ్లాడు, నా ముద్రలే సాక్ష్యం.
"అయిపోయిందా?" అంటే
"ఇంకా రెండు పేజీలు" అనేవాడు.
పదకొండుసార్లూ అవే రెండు.

వాళ్ల అమ్మమ్మ హెల్యు చెప్పింది,
చేతిసంచీ తెరుస్తూ మూస్తూ:
అవతలి ఒడ్డున, పాత బడిలో,
పుస్తకం ముగిస్తే ప్రశ్నలట.
లేచి నిలబడాలట. తప్పితే
గంట కొట్టేదాకా అలాగే నిలబడాలట.
ఇప్పుడెవరూ అడగరు. అయినా
కుడిచేతి కింద పేజీలు పలచబడే కొద్దీ
వాడి చెవులు ఎర్రబడతాయి, కడుపులో తిప్పుతుంది.
తాడును చూసి పామనుకునేవాణ్ణి చూసి నవ్వుతాం.
ఆ తాడు ఒకప్పుడు నిజంగానే కరిచిందేమో
ఎవరడిగారు?

ఆ రాత్రి తాళం వేయబోతుంటే
గాలికో దేనికో
గంట ఒక్కసారి మోగింది.
గదిలో ఎవరూ లేరు.
నా చెయ్యి అప్పటికే సీసాలో ఉంది,
వేళ్ల మధ్య పిప్పరమెంటు.

గంటను నేలమాళిగలో, పాత పత్రికల మధ్య దాచేశాను.
తర్వాతి మూడు వారాలు చెప్పుకోదగ్గవి కావు.
పిల్లలు వచ్చారు, ఖాళీ చోటు చూశారు, వెళ్లారు.
అంకెలేవని పట్టణ సభ ఉత్తరం రాసింది.
లేలో మొహమ్మీదే అడిగింది: "మరి ఏమిస్తావు?"
"ఏమీ లేదు" అన్నాను.
బల్లను ఒక తన్ను తన్ని వెళ్లిపోయింది.
మళ్లీ రాలేదు, వేసవికి కూడా. ఇది దాచను.

ఏప్రిల్‌లో, మంచు కరిగి దారంతా బురదైన రోజు
తావెత్ వచ్చాడు.
పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు,
చివరి అట్ట పైకి.
నేనేమీ అడగలేదు.
అడగకపోవడం ఎంత కష్టమో!
నాలుక మీద నాలుగు ప్రశ్నలు క్యూ కట్టాయి.
ముద్ర తీశాను, తుడిచాను, మళ్లీ పెట్టేశాను.

చాలాసేపటికి వాడే అన్నాడు:
"సముద్రానికి బయల్దేరేముందు
అవి తిండి మానేస్తాయి, తెలుసా?
పొట్టే ఎండిపోతుంది.
అయినా వెళ్తాయి."

చెవులు ఎర్రగానే ఉన్నాయి.
చలికేమో.

బల్ల కింద నా చెయ్యి
లేని సీసా కోసం తడుముతోంది.