గురివిందెత్తు

కుహ్మో ఊళ్ళో మందుల షాపు మూసి
హిల్కా ఇంటికొచ్చేసరికి
చీకటి పడి రెండు గంటలైంది.
బూట్ల మంచు దులిపి, కాఫీ గ్లాసు పట్టుకుని
నేలమాళిగ మెట్లు దిగింది.

బల్ల మీద మూడు డబ్బాలు.
పగలంతా ఆమె తూచేదీ మందే,
రాత్రి తూచేదీ మందే,
అన్న తౌనో శుక్రవారాలు తాగేదీ మందే.
ఆమె భాషలో మూడింటికీ మూడు మాటలు.
ఈ చిక్కు నాది, ఆమెది కాదు.

మొదటి డబ్బాలోది గసాల కన్నా సన్నం.
రెండు గురివిందలెత్తు చాలు,
డబ్బా కొంటే రెండు వేసవులు వస్తుంది,
పిసినారి మెచ్చే మందు.
ఇత్తడి గొట్టం అడుగున ఎక్కడో
ముడుచుకు పడుంటుంది,
ఇల్లు పెద్దది, కాపురం చిన్నది.
రివాల్వర్ ముక్కు వంచి ఎత్తితే ఒక వేగం,
పైకెత్తి దించితే ఇంకో వేగం.

పోయిన ఆగస్టులో, కంకర గుంతలో పోటీ.
నాలుగో గుండు
చేతిని మోచేతిదాకా విదిలించింది.
ఆపైన సిలిండర్ తిరగలేదు.
ఉబ్బిన ఉక్కును గోటితో తడిమి చూసి
తుపాకులు బాగుచేసే వేసా
"రెండుసార్లు పోశావు" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

ముప్పయ్యొక్కేళ్ళలో
ఒక్క చీటీ తప్పు చదవని మనిషి.
నిద్ర మాని వెనక్కి వెనక్కి వెతుక్కుంది.
దొరికింది.
జులై, మంగళవారం, ఫోను.
ఎవరో తల్లి. పాపకు జ్వరం,
ఎన్ని చుక్కలు వెయ్యాలని.
వయసడిగి, బరువడిగి,
లెక్క సరిగ్గానే చెప్పింది.
ఫోను పెట్టేసి
పోసిన గొట్టంలోనే మళ్ళీ పోసింది.
అడుగునున్నది కనపడితేగా!

రెండో డబ్బా వేసా చెప్పి కొనిపించినది.
శుభ్రంగా మండుతుంది, చేతికి మసి అంటదు,
ఖరీదు మాత్రం కూర్చుని వినాలి.
నవంబరులో పేల్చి చూసింది, మైనస్ పద్దెనిమిదిలో.
వేగం కొలిచే పెట్టె ముందు
ఇరవైలో ఏడు గుండ్లు
పోటీ గీత అందుకోలేక చతికిలబడ్డాయి.
చలికి లాయం దాటని గుర్రం.
జులైలో బాగానే పరిగెత్తేదేమో,
ఆమె అడగలేదు.

మూడోది అటుకుల్లాంటి రేకులు.
అంత బరువుకే గొట్టం సగం పైకి వస్తుంది,
పొరపాటున మళ్ళీ పోశావా
పొర్లి బల్లంతా పరుచుకుంటుంది.
కడుపులో మాట దాగని మందు.

కానీ మసి!
ఆరు గుండ్లకే వేళ్ళు బొగ్గు.
కాలని రేకు ఒకటి సిలిండర్ వెనక
నక్షత్రం కింద దూరి మొండికేస్తుంది,
బ్రష్షు జేబులో ఉండాల్సిందే.
ఆ తుడుపుకి పోయే నాలుగు క్షణాలే
పతకానికీ పదకొండో స్థానానికీ ఎడం.
"పోటీకి ఈ మురికి మందా?" తౌనో నవ్వాడు.
గురివిందకు తన నలుపు తెలియదట.
ఇది తన నలుపు
నీ చేతులకు పూసి మరీ చెబుతుంది.
హిల్కా ఆ డబ్బానే దగ్గరికి లాక్కుంది.

చెక్క దిమ్మెలో యాభై గొట్టాలు.
నిండినవి నిండినట్టే టార్చి వేసి
ఒక్కో గొంతులోకి తొంగి చూస్తుంది,
టాన్సిల్స్ ఉన్న బడిపిల్లలను వరసలో నిలబెట్టినట్టు.
పదమూడో దాని దగ్గర ఆగింది.
మళ్ళీ చూసింది. బాగానే ఉంది.

ముప్పయ్యారోది చేతిలో ఉండగా
పైన ఫోను మోగింది.
ఊళ్ళో అందరి దగ్గరా ఉన్న నంబరు.
మోగుతూనే ఉంది.

చేతిలోని గొట్టాన్ని తిరిగి డబ్బాలోకి ఒంపింది.
మూత బిగించింది.
దిమ్మె మీద గుడ్డ కప్పింది.
త్రాసు ముల్లు నిలిచేదాకా ఉండి
అప్పుడు మెట్లెక్కింది.

"చెప్పండి," అంది,
చెంపకు మసి అంటించుకుంటూ,
"బరువెంత?"